ముక్కు ఎత్తిన బండి

లార్విక్‌లో లైల్ నైగార్డ్‌ని ఎరగనివాళ్ళు లేరు. అతని గురించి చెప్పమంటే మాత్రం ఎవరూ రెండు ముక్కలకు మించి చెప్పలేరు. టైర్ల షాపు లైల్. ఆర్విడ్ కొడుకు. ఉత్తర డకోటాలో అంత చిన్న ఊళ్ళో మనిషి బతుకుకి రెండు ముక్కలు దక్కడమే ఎక్కువ. చాలామందికి సమాధి రాయి మీద తప్ప అదీ దక్కదు.

గోధుమ రైతు ఇంట్లో పుట్టి, గోధుమ దుమ్ము పడని ఊపిరితిత్తులతో పెరిగాడు లైల్. పదహారో ఏట కోత రోజుల్లో, మిషన్ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నీలంగా మారిపోతే దించి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఆర్విడ్‌ని పక్కకి పిలిచి, ఈ కుర్రాడు పొలం పనికి పనికిరాడని చెప్పాడు. ఆర్విడ్ తలూపాడు. ఇంటికి వచ్చే దారిలో తండ్రీకొడుకులు వాన గురించి మాట్లాడుకున్నారు. ఆ సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. తాత నాటి పొలం తన స్నేహితుడు ఎమిల్ కొడుకులకు కౌలుకి ఇచ్చిన రోజు కూడా ఆర్విడ్ నోట ఒక్క మాట రాలేదు. తిట్టి ఉంటే లైల్ ఒక పూట ఏడ్చి మరిచిపోయేవాడు. తిట్టకపోవడం వల్ల నడివయసు దాకా మోశాడు.

టైర్ల షాపులో చేరాడు. షాపు యజమాని ముసలివాడై వదిలేస్తే తనే తీసుకున్నాడు. ట్రాక్టరు టైర్లు, లారీ టైర్లు, బడి బస్సు టైర్లు. చేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి, చర్చిలో కూడా. ఈ మధ్య కొన్నేళ్ళుగా కుర్రాళ్ళు కొత్త పని పట్టుకుని రావడం మొదలుపెట్టారు. పికప్ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ముక్కు కిందికి, వెనక తొట్టి పైకి ఉంటుంది. తొట్టిలో బరువు పడితే వెనక దిగి బండి సమంగా నిలబడాలని అలా చేస్తారు. ఈ కుర్రాళ్ళు తొట్టిలో ఏమీ వెయ్యరు. ఖాళీ బండి సమంగా కనబడాలి వాళ్ళకి. అందుకని ముందు భాగం లేపించి, పెద్ద టైర్లు వేయించుకుంటారు. లైల్ నవ్వుకునేవాడు కానీ పని బాగా చేసేవాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ముక్కు ఎత్తిన బండి కనబడితే అది అతని చేతి పనే. తన పని తన కళ్ళముందు రోడ్డు మీద తిరుగుతుంటే మనిషికి కాస్త గర్వం వస్తుంది. ఊళ్ళో అందరూ ఆ పనిని మెచ్చుకున్నారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడి కోసమే అతను ఇదంతా చేస్తున్నట్టు అతనికీ తెలీదు.

ఆర్విడ్ బండి గోధుమరంగు పికప్. ఫ్యాక్టరీలో ఎలా దించారో అలాగే ఉంది. పొలం కౌలుకిచ్చాక ఆయనకి మిగిలిన పని ఒకటే. పొద్దున్నే గడ్డం గీసుకుని, కంకర రోడ్డు మీద ఊళ్ళోకి వచ్చి, మావిస్ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోవడం. భార్య పోయాక ఆయన మనుషుల మధ్య గడిపేది ఆ గంటన్నరే. ఆ బల్ల దగ్గర అరడజను మంది ముసలివాళ్ళు పాచికలు వేస్తారు, ఓడినవాడు అందరి కాఫీకి ఇచ్చుకోవాలి. పాచికల కంటే గట్టిగా మాటలు పడతాయి. అక్కడ ప్రేమ చూపించే పద్ధతి అది. ఆ బల్ల దగ్గర ఒకణ్ణి ఎవరూ తిట్టకుండా వదిలేశారంటే, వాడింట్లో ఎవరో పోయారని అర్థం.

ఒకరోజు ఎమిల్ తన బండికి రెండు పక్కలా ఎక్కడానికి ఇనుప మెట్లు బిగించుకుని వచ్చాడు. లైల్ షాపులోనే వేయించుకున్నాడు. దాని ఫలితం చూడాలని లైల్ కూడా వచ్చి కౌంటరు దగ్గర కూర్చున్నాడు.

"ఏరా ఎమిల్, ఆ మెట్లు నీకా, మీ ఆవిడకా?" అన్నాడు ఆర్విడ్, కిటికీలోంచి చూస్తూ.

"నాకేరా. వయసొచ్చింది. సిగ్గెందుకు?"

"వచ్చింది వయసు, పోయింది సిగ్గు. రేపు దానికి చేతికర్ర కూడా తగిలించు. ఎల్లుండి ఒక నర్సుని పక్కన కూర్చోబెట్టుకో."

"నర్సు దొరికితే నిన్ను పిలుస్తానా? నీ తుంటి టకటకలాడుతుంటే మీ ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు మాకు వినబడుతోంది."

"టకటకలాడినా నా కాళ్ళతో నేనే ఎక్కుతున్నా. బండెక్కడానికి నిచ్చెన కావాల్సి వచ్చిన రోజు తాళంచెవి నదిలో పారేస్తా."

బల్లంతా ఘొల్లుమంది. మావిస్ కాఫీ పోస్తూ, "నదిలో నీళ్ళుండే నెలలో పారెయ్, ఆర్విడ్," అంది. ఎమిల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అక్కడ ఓడిపోయిన లక్షణం అదే.

ఆ శీతాకాలం చివర్లో ఆర్విడ్ తుంటి ఎముక మార్పించుకోక తప్పలేదు. పెద్ద ఊళ్ళో ఆపరేషను చేశారు. కోలుకునేదాకా అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండమన్నారు. బండి తాళంచెవి కొడుకు చేతిలో పెడుతూ, "వారానికోసారి స్టార్టు చేసి పెట్టు," అన్నాడు ఆర్విడ్. అంతకు మించి ఏమీ అడగలేదు.

లైల్‌కి ఆలోచన వచ్చింది. చాలాకాలంగా లోపలే ఉన్న ఆలోచనకి ఇప్పుడు వీలు దొరికింది. నాన్న తిరిగొచ్చేసరికి బండి కొత్తగా నిలబడి ఉండాలి. మావిస్ హోటల్ ముందు ఆగితే బల్ల దగ్గర ఉన్న ముసలివాళ్ళు మెడలు సాచాలి. ఎవరు చేశారని ఎవరైనా అడగాలి, నాన్న "మావాడు" అనాలి. ఆ ఒక్క మాట కోసం.

రాత్రి భోజనం దగ్గర భార్య డార్లాకి చెప్పాడు.

"నాన్నని అడిగావా?" అంది డార్లా.

"అడిగితే వద్దంటాడు."

"అందుకే అడగాలి."

"అన్నీ అడిగే చేస్తే ఇక అది బహుమతి ఎలా అవుతుంది? నీ పుట్టినరోజుకి గొలుసు కొన్నప్పుడు అడిగానా?"

"ఆ గొలుసు నేనెప్పుడైనా వేసుకోగా చూశావా?" అంటూ డార్లా బంగాళాదుంపల గిన్నె అతని వైపు జరిపింది.

మన మీద ప్రేమ ఉన్నవాళ్ళు మనల్ని అడగకుండా చేసే మేలంత ప్రమాదం లోకంలో మరొకటి లేదు. శత్రువు చేసే కీడుకైతే కనీసం అడ్డం తిరగొచ్చు. లైల్ ఆ వారం షాపు మూసేశాక ఒక్కడే కూర్చుని పని చేశాడు. ముందు చక్రాలు ఊడదీశాడు. స్టీరింగ్ కడ్డీల కొసలు సుత్తితో తట్టి వదులు చేశాడు. స్ప్రింగులు చుట్టిన స్ట్రట్లు రెండూ బయటికి లాగి, వాటి నెత్తిన అల్యూమినియం దిమ్మలు బిగించి మళ్ళీ ఎక్కించాడు. కొత్త టైర్లు పెద్దవి, లోతైన గాడులు ఉన్నవి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల ప్లాస్టిక్‌కి రాసుకుంటుంటే, దాన్ని వేడి చేసి వెనక్కి నొక్కి, మిగిలిన అంచు కత్తితో కోశాడు. ఎవరూ చూడని ఆ అంచుని కూడా గరుకు కాగితంతో రుద్దాడు. ముక్కు లేస్తే హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది కాబట్టి షాపు గోడ మీద గీత గీసి వాటిని దించాడు. చక్రం పెద్దదైతే స్పీడు ముల్లు తక్కువ చూపిస్తుంది, అదీ సరిచేశాడు. అలైన్‌మెంట్ చేశాడు. నాలుగు మూలలా టేపు పెట్టి కొలిచాడు, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పనిలో వేలెత్తి చూపించడానికి ఒక్క తప్పు లేదు. సీటు నేల మీంచి ఎంత పైకి పోయిందో మాత్రం కొలవలేదు. బెత్తెడు పోయింది.

మెట్లు పెట్టే ఆలోచన అతనికి రాకపోలేదు. ఎమిల్ మీద పడిన మాటలు గుర్తొచ్చి మానేశాడు. నాన్నకి ఆ అవమానం ఎందుకనుకున్నాడు.

ఆర్విడ్‌ని డార్లా తన కారులో తీసుకొచ్చింది. పెరట్లో షెడ్డు ముందు బండి నిలబెట్టి, కడిగి, తుడిచి, దాని పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు లైల్. ఆర్విడ్ చేతికర్ర మీద మెల్లగా వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు దగ్గర ఆగి, సీటు వైపు చూశాడు. నేల వైపు చూశాడు. తర్వాత కొడుకు మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనబడిందో ఏమో.

"అద్భుతంగా ఉందిరా," అన్నాడు. "ఇంత మంచి పని నేనెక్కడా చూళ్ళేదు. ఎంత కష్టపడ్డావో."

లైల్ తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కి చూడు నాన్నా."

"ఇంకో వారం నడపొద్దన్నాడు డాక్టరు. అప్పుడు చూద్దాంలే."

లార్విక్‌లో ఏదైనా బాగుంటే "పర్లేదు" అంటారు. చాలా బాగుంటే కాస్త ఆగి "పర్లేదు" అంటారు. లైల్ పెళ్ళిలో కొత్త కోడలిని చూసి ఆర్విడ్ అన్నదీ ఆ మాటే, డార్లా దానికి పొంగిపోయింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఏ మనిషికైనా "అద్భుతం" అనే మాట వినబడగానే గుండెలో రాయి పడాలి. లైల్‌కి పడలేదు. ఇన్నేళ్ళు దాహంతో ఉన్నవాడు నీళ్ళు రంగు మారాయేమిటని చూడడు.

ఇంటికి వెళ్ళే దారిలో డార్లా అంది: "మీ నాన్న అలా మాట్లాడగా ఎప్పుడైనా విన్నావా?"

"లేదు."

"నేనూ అదే అంటున్నా."

"పుట్టాక మొదటిసారి ఒక మంచి మాట అన్నాడు. అదీ నీకు గిట్టలేదా?"

డార్లా రేడియో పెట్టింది.

వసంతం వచ్చింది. విత్తనాలు వేసే రోజుల్లో షాపులో పని ఎక్కువ. ఒకరోజు మావిస్ తన కారు టైరులో మేకు దిగిందని వచ్చింది. లైల్ టైరు నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తుంటే, పక్కనే నిలబడి కబుర్లు మొదలుపెట్టింది.

"మీ నాన్నకి మా కాఫీ పడట్లేదేంటి?"

"ఎందుకక్కా? రోజూ వస్తున్నాడుగా."

"రావడం వస్తున్నాడు, దిగట్లేదు. హోటల్ ముందు ఆపుతాడు, కిటికీ దించుతాడు, రాజుగారిలా చెయ్యూపుతాడు, పోతాడు. ఎమిల్ ఏం చేస్తున్నాడో తెలుసా? బండి కనబడగానే 'ఊరేగింపు వచ్చింది, లేవండ్రా' అని అందర్నీ లేపి, టోపీ తీయించి నిలబెడుతున్నాడు. కొత్త టైర్లు వచ్చాక ఆర్విడ్ కంటికి మనం ఆనట్లేదంటున్నారు అందరూ."

లైల్ నవ్వాడు. మావిస్ వెళ్ళాక కూడా నవ్వు ఆగలేదు. నాన్న బండి చూపించుకుంటున్నాడు! రెండు రోజులు ఆ సంతోషంలోనే ఉన్నాడు. దాచుకోవడానికి తగిన సంతోషం కూడా కాదది, డార్లాకి చెబితే ఆమె ఏదో అంటుందని తనలోనే పెట్టుకున్నాడు.

కొత్త చక్రాలు బిగించిన బండి కొంత దూరం తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. ఊళ్ళో ప్రతి కుర్రాడికీ ఫోన్ చేసి మరీ పిలిచేవాడు లైల్. తండ్రి బండికి తనే వెళ్ళాలని, ఒకరోజు పొద్దున్నే పానా పట్టుకుని బయల్దేరాడు. పొలం గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరస దగ్గర పానా సీటు కిందికి దొర్లితే తీయడానికి బండి ఆపి దిగాడు. అక్కడి నుంచి షెడ్డు కనబడుతుంది.

ఆర్విడ్ షెడ్డులోంచి వచ్చాడు. చేతిలో దూడలకి దాణా పెట్టే బకెట్టు. దాని పిడికి గడ్డి మోపులు కట్టే నారింజ రంగు తాడు ముడి వేసి ఉంది. బండి తలుపు తీశాడు. బకెట్టు నేల మీద బోర్లించాడు. తాడు కొస మణికట్టుకి చుట్టుకున్నాడు. స్టీరింగ్ పట్టుకుని, బాగున్న కాలు బకెట్టు మీద పెట్టి, ఆగాడు. మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాడు. బకెట్టు జరిగింది, కాలు దించి, దాన్ని సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఒళ్ళంతా సీటు మీదికి ఈడ్చుకున్నాక కాసేపు స్టీరింగ్ మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. ఆ తర్వాత తాడు లాగి, బావిలో చేద లాగినట్టు బకెట్టు పైకి తీసుకుని, పక్క సీట్లో పెట్టుకున్నాడు. టోపీ సరిచేసుకుని బండి స్టార్టు చేశాడు.

అప్పుడు లైల్ ఎదురు వెళ్ళాల్సింది. "నాన్నా, ఏం చేయమంటావ్?" అని అడగాల్సింది. అతను చెట్ల చాటుకి తన బండి వెనక్కి తీశాడు. తండ్రి బండి దుమ్ము లేపుకుంటూ పోయాక, దూరంగా వెంట వెళ్ళాడు. ఊళ్ళో ఆర్విడ్ మావిస్ హోటల్ ముందు నెమ్మది చేశాడు. కిటికీ దించాడు. చెయ్యి ఊపాడు. అద్దాల వెనక ముసలివాళ్ళు లేచి టోపీలు తీశారు. బండి ధాన్యం నిలవచేసే ఎలివేటరు దాకా వెళ్ళి, ఖాళీ స్థలంలో తిరిగి, ఇంటిదారి పట్టింది. దిగితే మళ్ళీ ఎక్కడానికి నడివీధిలో, ఎమిల్ కళ్ళముందు, బకెట్టు బోర్లించుకోవాలి. మెట్లు పెట్టమని కొడుకుని అడగాలంటే ఆ బల్ల దగ్గర అన్న మాటలన్నీ మింగాలి. ఆర్విడ్ రెండూ చేయలేక, ఇంత దూరం కాఫీ వాసన చూడ్డానికి వచ్చి పోతున్నాడు.

లైల్ ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఈసారి డార్లాకి అంతా చెప్పాడు.

"వెళ్ళి మాట్లాడు," అంది ఆమె.

"ఏమని మాట్లాడను? చాటుగా చూశానని చెప్పనా? చచ్చిపోతాడు సిగ్గుతో."

"మీ ఇంట్లో మాట్లాడితే చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు లైల్. మాట్లాడక కుమిలినవాళ్ళే ఉన్నారు."

"బండి మళ్ళీ దించేస్తే సరిపోతుంది. మాటలతో పనేముంది?"

అలైన్‌మెంట్ ఒకసారి చూడాలని అబద్ధం చెప్పి బండి షాపుకి తెచ్చాడు. అల్యూమినియం దిమ్మలు తీసేశాడు. పాత టైర్లు ఎప్పుడో అమ్మేశాడు కాబట్టి అదే కొలతవి వెతికి వేశాడు. హెడ్‌లైట్లు పైకి తిప్పాడు. ముక్కు కిందికి దిగింది. ఊడదీసిన పెద్ద టైర్లు నాలుగూ షాపు ముందు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పట్టపగలు, నడివీధిలో. తప్పు దిద్దుకునే తొందరలో ఉన్నవాడికి తలుపు మూసుకోవాలని తోచలేదు.

ఎమిల్ ఎదురుగుండా రోడ్డు దాటి వచ్చాడు.

"ఏరా అబ్బాయ్, రాజుగారి రథం కూలిందేంటి?"

"టైర్లు లోపల రాసుకుంటున్నాయి బాబాయ్."

"నీ చేతి పనికి రాసుకోవడమా? ఇంకెవరికైనా చెప్పు." ఎమిల్ నవ్వుతూ బండి చుట్టూ తిరిగాడు. "నాకు తెలుసులే. కొత్త తుంటికి అందలేదు. నిచ్చెన కావాల్సి వచ్చుంటుంది. ఉండు, రేపు వాణ్ణి ఏం చేస్తానో చూడు. తాళంచెవి నదిలో పారెయ్యమని..."

తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. మాట ఆగింది. పక్క సీట్లో బకెట్టు. పిడికి నారింజ తాడు. తాడు మధ్యలో చేతి చెమటకి నల్లబడిన చోటు.

ఎమిల్ కూడా రైతే. ఆ తాడు అక్కడ ఎందుకుందో ఎవరూ అతనికి విడమరిచి చెప్పనక్కర్లేదు. కాసేపు బకెట్టు వైపే చూశాడు. తర్వాత తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

"రోజూ ఇలాగేనా?" అన్నాడు.

లైల్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

"మేం టోపీలు తీసి నిలబడ్డాం రా," అన్నాడు ఎమిల్. ఇక నవ్వలేదు. తల దించుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున లైల్ షాపు కిటికీలోంచి చూశాడు. గోధుమరంగు బండి, ముక్కు దించుకుని, పాత రోజుల్లోలా మావిస్ హోటల్ ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆర్విడ్ కాలు నేల మీద ఆనింది, రెండో కాలు ఆనింది. నిలబడి టోపీ సర్దుకున్నాడు. లైల్‌కి ఊపిరి తిరిగింది. పని వదిలేసి, చేతులు తుడుచుకుంటూ తనూ హోటల్‌కి వెళ్ళాడు.

అతను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎమిల్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆర్విడ్ కోసం. నలభై ఏళ్ళలో ఎమిల్ ఎవరికీ తలుపు పట్టుకోలేదు.

"రా ఆర్విడ్, కూర్చో. ఇక్కడ దగ్గరగా ఉంటుంది," అన్నాడు ఒకడు, తలుపు పక్క కుర్చీ లాగుతూ. మెత్తటి దిండు కూడా ఒకటి వేసి ఉంది దాని మీద.

"ఎలా ఉంది ఒంట్లో?" అన్నాడు ఇంకొకడు.

"బాగానే ఉంది," అన్నాడు ఆర్విడ్. బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒకసారి చూశాడు. "ఏంట్రా ఎమిల్, మీ ఆవిడ పొద్దున్నే బయటికి తరిమేసిందా? మొహం అలా పెట్టావ్?"

పాత రోజుల్లో ఆ మాటకి పది మాటలు వచ్చేవి. ఎమిల్ మెల్లగా నవ్వి, "లేదు ఆర్విడ్," అన్నాడు.

పాచికలు వేశారు. ఆర్విడ్ ఓడిపోయాడు. జేబులో చెయ్యి పెట్టబోతే, "నువ్వుండు, నువ్వుండు, ఈ రోజు మాది," అన్నారు ముగ్గురు ఒకేసారి.

ఆర్విడ్ చెయ్యి జేబులోనే ఆగిపోయింది. లైల్ కౌంటరు దగ్గర నుంచి చూస్తున్నాడు. తండ్రి చూపు ముందు దిండు మీదికి, తర్వాత ఎమిల్ మీదికి, అక్కడి నుంచి కిటికీలోంచి కనబడే టైర్ల షాపు మీదికి, షాపు ముందు పేర్చిన పెద్ద టైర్ల మీదికి వెళ్ళింది. చివరికి కొడుకు మీదికి వచ్చింది. కోపంగా లేదు ఆ చూపు. ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ వాన గురించి మాట్లాడిన రోజున ఎలా ఉందో అలా ఉంది.

కాఫీ సగం తాగి లేచాడు. లైల్ వెంట వెళ్ళాడు. బండి దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"వాళ్ళకి చెప్పావా?" అన్నాడు ఆర్విడ్.

"నేను చెప్పలేదు నాన్నా. ఒట్టు."

"సరేలే. నువ్వు చెప్పక్కర్లేదు. బండి అక్కడ పెట్టి దించుతుంటే ఊరంతా చదువుకుంటుంది."

"నీకు ఎక్కడానికి ఇబ్బందవుతోందని..."

"అవుతోంది. నా ఇబ్బంది నేను పడుతున్నా. ఎవరికీ తెలీదు, నాలుగు రోజులు పోతే కాలు బలపడేది, దిగేవాణ్ణి. నన్నొక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదరా. ఎత్తేటప్పుడూ అడగలేదు, దించేటప్పుడూ అడగలేదు."

అది లైల్ జీవితంలో తండ్రి అతనితో ఒకేసారి మాట్లాడిన అతి పెద్ద మాట.  "అడిగితే వద్దంటావని," అన్నాడు లైల్.

"వద్దనే అనేవాణ్ణి," అన్నాడు ఆర్విడ్. సునాయాసంగా బండెక్కి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఆ హోటల్‌కి రాలేదు. మావిస్ కాఫీ పలచబడిందన్నాడు. కంకర రోడ్డు బాగోలేదన్నాడు. అడిగేవాళ్ళు తగ్గాక కారణాలు చెప్పడమూ మానేశాడు. బండి షెడ్డులోకి పోయింది. సరుకులు డార్లా తెచ్చిపెట్టేది. కాలు మాత్రం ఆయన చెప్పినట్టే వేసవి నాటికి బలపడింది, చేతికర్ర కూడా వదిలేశాడు. ఇప్పుడు బకెట్టు లేకుండానే ఆ పెద్ద టైర్ల బండి కూడా ఎక్కగలిగేవాడు. ఎక్కి వెళ్ళడానికి చోటే లేకుండా పోయింది.

లైల్ ఆదివారాలు వెళ్ళి వంటింట్లో తండ్రి ఎదురుగా కూర్చునేవాడు. గోధుమ ధర, వాన, పక్కింటివాళ్ళ కుక్క. షాపులో పని మామూలే. ముక్కు ఎత్తించుకోవడానికి కుర్రాళ్ళు వస్తూనే ఉన్నారు, అతను చేస్తూనే ఉన్నాడు. పూర్వంలా పనయ్యాక బయటికి వచ్చి బండి వెళ్ళేదాకా చూడటం మానేశాడంతే. బల్ల దగ్గరివాళ్ళు రోడ్డు మీద కనబడితే, "మీ నాన్న ఎలా ఉన్నారు?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. చనిపోయినవాడి గురించి అడిగినట్టు.

ఒకరోజు లైల్ ఉండబట్టలేక ఎమిల్ ఇంటికి వెళ్ళాడు.

"బాబాయ్, ఒక సాయం చెయ్యి. నాన్న ఇంటికి వచ్చి ఆయన్ని ఒక్కసారి తిట్టు."

"ఏంటీ?"

"నిచ్చెన అను, బకెట్టు అను, నది అను. నీ ఇష్టం. పాత రోజుల్లోలా నాలుగు మాటలు అను. ఆయన తిరిగి అంటాడు. అంతా సర్దుకుంటుంది."

ఎమిల్ చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "ఆ రోజు నుంచి నేనూ అదే అనుకుంటున్నా రా," అన్నాడు. "రేపు వస్తా."

వచ్చాడు. ఆర్విడ్ తలుపు తీసి, లోపలికి పిలిచి, అల్మరా పైఅరలోంచి పువ్వుల కప్పులు దించాడు. అవి పాస్టరు గారు వచ్చినప్పుడు తప్ప దించేవి కావు. కాఫీ పోశాడు. ఎమిల్ టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. లైల్ సింకు దగ్గర వీపు ఆనించి నిలబడి, ఎమిల్ నోటి వైపే చూస్తున్నాడు.

ఎమిల్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆర్విడ్ వైపు చూశాడు. ఆర్విడ్ కూడా వేచి ఉన్నాడు. ఆయన కళ్ళలో ఏదో చిన్న వెలుగు, పాచికలు విసిరే ముందు ఉండేలాంటిది. ఎమిల్ నోరు తెరిచాడు.

"ఆర్విడ్," అన్నాడు, "ఇల్లు చాలా శుభ్రంగా ఉంచుకుంటున్నావ్."

ఆర్విడ్ చక్కెర గిన్నె ఎమిల్ వైపు జరిపాడు.

"థాంక్స్ ఎమిల్," అన్నాడు ఆర్విడ్. "వచ్చినందుకు చాలా సంతోషం."

వాన గురించి కొంచెం మాట్లాడుకున్నారు. ఏమైనా కావాలంటే ఫోన్ చెయ్యమన్నాడు ఎమిల్. తప్పకుండా చేస్తానన్నాడు ఆర్విడ్. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, కొత్తగా పరిచయమైనవాళ్ళలా. ఎమిల్ మెట్లు దిగి, తన బండి దాకా నడిచి, దాని ఇనుప మెట్టు మీద కాలు పెట్టబోయి, కిటికీ వైపు ఒకసారి చూసి, మెట్టు తొక్కకుండానే ఎలాగో కష్టపడి ఎక్కాడు.

ఆర్విడ్ కిటికీ దగ్గర నిలబడి అది చూశాడు. కొడుకు వైపు తిరగలేదు. లైల్ బల్ల మీది కప్పులు తీశాడు. రెండింట్లోనూ కాఫీ నిండుగానే ఉంది. కుళాయి విప్పి పారబోశాడు.